భుజం అబద్ధం చెప్పదు

మా ఫైనాన్స్ ఆఫీసులో ఏటా ఒక తప్పనిసరి కోర్సు ఉంటుంది. కంప్యూటర్ ముందు కూర్చుని 'తర్వాత' అనే బటన్ నొక్కుకుంటూ పోతే, చివర మన పేరు తప్పుగా అచ్చయిన సర్టిఫికెట్ ఒకటి వస్తుంది. ఈసారి కోర్సు కస్టమర్లతో మర్యాదగా ఎలా మాట్లాడాలన్న దాని మీద. ఎవరూ చదవరు. మా క్యాషియర్ ఎడమ చేత్తో బటన్ నొక్కుతూ కుడి చేత్తో దోసె తింటాడు. నేనూ అట్లాగే నొక్కుకుంటూ పోతుంటే ఒక చోట వేలు ఆగిపోయింది. 'కోపంగా ఉన్న కస్టమర్' అని రాసి పక్కన ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. కళ్ళు లేవు, ముక్కు లేదు, అంతా ఒకే బూడిద రంగు. కానీ నడుం మీద చెయ్యి, ఒక పక్కకు జారిన కొప్పు, గడపలో నిలబడి అద్దెకున్నవాళ్ళ బిందెలు లెక్కపెట్టే ఆ మెడ.

ఆ కొప్పు నాకు తెలుసు. అది ధర్మవరంలో ఒక ఇంటి ఓనరమ్మది. ఆ బొమ్మ చేసినామె చనిపోయి ఏడాది దాటింది. ఓనరమ్మ మాత్రం ఇంకా ఎన్ని ఆఫీసుల్లో ఎంతమంది మీద కోప్పడుతోందో.

బొమ్మ చేసినామెను మేమందరం షేపులక్క అనేవాళ్ళం. నా మొదటి ఉద్యోగం ఆమెతోనే, హిందూపురంలో, ఒక చింతపండు మండీ పైనున్న మేడ మీద. మండీ యజమానే మా ఓనరు. చింతపండుకు ముందులాగా గిరాకీ లేదని, రాబోయేదంతా ఆన్‌లైన్ చదువులదేనని ఎవరో చెబితే విని, మేడ మీద రెండు గదుల్లో కంప్యూటర్లు వేయించాడు. కింద చింతపండు, పైన విజ్ఞానం. పెద్ద పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకు నేర్పించాలనుకున్న మంచి విషయాలన్నీ బెంగుళూరులోని ఒక కంపెనీకి వచ్చేవి. ఆ కంపెనీ మాటలు రాసిపెట్టుకుని, కూలిపని మాకు పంపేది. మేము బొమ్మలు వేసి, బటన్లు తగిలించి, కోర్సుగా కట్టి తిరిగి పంపేవాళ్ళం. నిప్పంటుకుంటే ఏం చెయ్యాలి, లంచం ఎందుకు తీసుకోకూడదు, నిచ్చెన ఎట్లా ఎక్కాలి. దేశంలో ఎంతమంది ఆ కోర్సులు చేసి బాగుపడ్డారో తెలియదు గానీ, వాటన్నిటికీ కాస్త పులుపు వాసన తగిలే ఉంటుంది.

బజారులో దొరికే రెడీమేడ్ బొమ్మలు మా పనికి కుదిరేవి కావు. వాటిలో ఎవరిని చూసినా కాఫీ కప్పు పట్టుకుని ల్యాప్‌టాప్‌ను చూసి నవ్వుతుంటారు. రైతు కావాలంటే గడ్డి టోపీ పెట్టుకున్న ఎర్రటి దొర వచ్చేవాడు. అందుకని కావలసిన ఆకారాలు మేమే తయారు చేసుకోవాలి. ఆ పని అక్కది. ఒక గుండ్రం, ఒక నలుచదరం ఒకదాని మీద ఒకటి పెట్టి, కావలసింది ఉంచి మిగిలింది కోసేసి, అంచు మీదుండే చుక్కలను పట్టుకుని లాగి, తల, మెడ, భుజం, చెయ్యి తెప్పించేది. ఆ ఆకారాలను తెరల మీద సర్ది, బటన్ నొక్కితే పని చేసేట్టు చూడడం నా పని.

నేను ఉద్యోగంలో చేరిన రోజు పెనుకొండలో రైలెక్కాను. ఆమె అప్పటికే ధర్మవరంలో ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, డబ్బాలో బొరుగుల ఉగ్గాని తింటోంది. నేను పైన బ్యాగు పెట్టడానికి చేతులెత్తాను. వెనక నుంచి ఒక గొంతు.

"ఏం పాపా, ఈ జాకెట్టు ఎవురు కుట్టిండేది?"

"మా వీధిలో ఆమె."

"ఆయమ్మకు నీ మింద ఏమన్నా కోపముండాదా?"

అదీ మా పరిచయం. హిందూపురం వచ్చేలోగా నా భుజాలు రెండూ ఒకే ఎత్తులో లేవని, నేను చిన్నప్పుడు బిందె ఎడమ చంకన మోసి ఉంటానని చెప్పింది. మోశాను. దిగిన తర్వాత ఇద్దరం ఒకే మేడ మెట్లు ఎక్కుతుంటే, "నువ్వు కూడా ఈడికేనా? చెప్పొద్దా?" అని నా మీదే విసుక్కుంది.

అంతకు ముందు ఆమె ధర్మవరంలో జాకెట్లు కుట్టేది. ధర్మవరం అనగానే ప్రతివాళ్ళూ మీకు మగ్గాలున్నాయా అని అడిగేవాళ్ళు. "ఊరంతా పట్టు నేస్తే జాకెట్లు కుట్టేదెవురప్పా" అనేది. ఆమె షాపు పక్కన కంప్యూటర్ సెంటరు ఒకటుండేది. ఒకరోజు అక్కడ ఎవరో తెర మీద ఒక గుండ్రంలోంచి ఇంకో గుండ్రం కోయడం చూసి, "ఇది మెడ కోతే గదా" అని లోపలికి పోయి కూర్చుంది. అట్లా కూర్చున్నామె మళ్ళీ లేవలేదు.

ఆమెకు ముఖాలతో పని లేదు. మనుషులను వెనక నుంచి చూసేది. రైల్లో ఎవరైనా తలుపు దగ్గర నిలబడి ఉంటే, మోకాలి మీద వేలితో గీసుకుంటూ, "ఈయప్పను రెండు గుండ్రాలు, ఒగ చీలికతో దింపేయొచ్చు" అనేది. సినిమా పోస్టర్లను చూసి, హీరో మెడ కుట్టు తప్పిందనేది. "మొగం అబద్ధం చెప్తాది పాపా. భుజం చెప్పదు. జాకెట్టు కొలతలిచ్చేటప్పుడు సూడు, అత్తతో కొట్లాడి వచ్చినామె భుజం ఒగ తీరు, కొట్లాడల్లని పోతాండే ఆమె భుజం ఒగ తీరు."

ఆమె చేసిన ఆకారాలన్నీ ఎవరో ఒకరివి. ఊహించి చేయడం ఆమెకు చేతకాదు, ఆ మాట ఒప్పుకోదు. నిప్పంటుకున్నప్పుడు అందరికంటే ముందు పరుగెత్తే ఉద్యోగి వాళ్ళ చిన్న మరిది. కోపంగా ఉన్న కస్టమర్ ఇంటి ఓనరమ్మ. 'ఓపికగా వేచి ఉన్న కస్టమర్' మాత్రం వాళ్ళాయన. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ప్రపంచం ఎప్పుడు ముగిసినా తనకు అభ్యంతరం లేదన్నట్టు కూర్చున్న బొమ్మ అది. "ఆయప్పకు చూపించినావా అక్కా" అని అడిగితే, "చూపిస్తి. ఎవురిది అన్న్యాడు. నీదే అంటే, ఊరికే కూర్చున్యానే అన్న్యాడు. అవు, అదే గదా అంటి" అంది.

ఈ పద్ధతి బెంగుళూరుకు నచ్చేది కాదు. అక్కడ మా పనులు చూసే మేడమ్ ఒకామె ఉండేది. కనపడేది కాదు, మెయిళ్ళలో మాత్రమే ఉండేది. ఆమె దగ్గర నియమాలుండేవి. బొమ్మలో మనిషి ఏ ఊరివాడని, ఏ కులంవాడని, ఏ వయసువాడని తెలియకూడదు. ముక్కు ఉండకూడదు, ఎందుకంటే ముక్కుల్లో రకాలున్నాయి. పొట్ట ఉంటే లావుగా ఉన్నవాళ్ళు నొచ్చుకుంటారు, లేకపోతే ఉన్నవాళ్ళను మరిచిపోయారంటారు. మేము ఏ ఫైలు పంపినా ఆమె మార్పులు అడగకుండా వదిలిన పాపాన పోలేదు. ఒకసారి గొడుగు బొమ్మ పంపితే, ఇది మరీ వానను గుర్తు చేస్తోందని రాసింది.

"ఎవురిదీ కానిది బొమ్మెట్లయితాది?" అనేది అక్క. "అది గుర్తు. బాత్రూము తలుపు మింద వేసేది." అని ముక్కు తీసేసేది. భుజం మాత్రం ఉంచేది. నియమాల్లో ముక్కుంది గానీ భుజం లేదు.

ఇక మా క్వాలిటీ సారు సంగతి చెప్పాలి. పేరుకు తగ్గట్టు, పనిలో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. బెంగుళూరు పనులన్నీ ఆయన చేతి మీదుగానే వచ్చేవి కాబట్టి ఓనరు కూడా ఆయన ముందు కాస్త వంగి మాట్లాడేవాడు. నడుముకు పెద్ద తాళాల గుత్తి వేలాడేది. మేడకున్నది ఒకే తలుపు, దానికి తాళం ఓనరు దగ్గర ఉండేది. ఆ గుత్తి దేనిదో ఎవరికీ తెలియదు.

ఆయన తప్పులు మగపిల్లలకు మెయిల్లో రాసేవాడు. ఆడపిల్లలకు మాత్రం స్వయంగా వచ్చి చూపించేవాడు. వెనక నుంచి వచ్చి ఒక చెయ్యి కుర్చీ వెనక వేసి, కోడి గింజ కోసం వంగినట్టు మెడ ముందుకు చాచి, "ఇది ఇట్లా కాదమ్మా" అంటూ మౌసు పట్టుకునేవాడు. మౌసు మీద అప్పటికే మన చెయ్యి ఉండేది. ఆయనకు అది అడ్డం కాదు. నాకు మాత్రం ఆయన తాళాల చప్పుడు వినపడగానే వీపు మీద చీమలు పాకినట్టుండేది. ఇంట్లో చెబితే వచ్చే జవాబు నాకు ముందే తెలుసు: ఉద్యోగం మానెయ్. కాబట్టి చెప్పలేదు. కుర్చీ వెనక నా బ్యాగు తగిలించడం మొదలుపెట్టాను. మిగతా అమ్మాయిల కుర్చీలకు కూడా బ్యాగులుండేవి. ఎవరమూ ఎవరితోనూ ఈ విషయం మాట్లాడుకోలేదు. బ్యాగులే మాట్లాడుకునేవి.

ఒకరోజు రైల్లో అక్క అడిగింది. "కుర్చీకి బ్యాగు ఏంటికి తగిలిస్తావు?"

"ఊరికే అక్కా."

"ఊరికే తగిలించిన బ్యాగులోంచి టిఫిన్ డబ్బా అంచు చెయ్యి పడే తావుకే ఎట్ల వస్తాది?"

నేను బ్యాగు ఒళ్ళోకి లాక్కున్నాను. ఆమె కిటికీలోంచి పెనుకొండ కొండను చూస్తూ కూర్చుంది. మర్నాడు ఓనరు గదిలోకి పోయి తలుపు తీసే ఉంచి మాట్లాడింది, అందుకే మాకూ వినపడింది.

"ఆయన పెద్ద మనిషమ్మా. పిల్లోల్లకు తండ్రి లాంటోడు," అన్నాడు ఓనరు.

"తండ్రి లాంటోళ్ళు శానామంది ఉండారు సార్. పిల్లోల్లకు తండ్రి ఒగడే గదా."

"బెంగుళూరు పనంతా ఆయన చేతిలో ఉండాదమ్మా."

"ఆ చెయ్యి సంగతే నేనూ చెప్తాండేది."

ఓనరు చెడ్డవాడు కాదు. తనకు ఇబ్బంది కలిగించే మాటలు వినపడినప్పుడు కిందికి పోయి చింతపండు చూసుకునేవాడు. ఆ రోజూ పోయాడు.

సరిగ్గా ఆ తర్వాతే బెంగుళూరు నుంచి కొత్త కోర్సు వచ్చింది. పేరు 'పని చేసే చోట గౌరవం'. ఆఫీసుల్లో ఆడవాళ్ళతో ఎట్లా నడుచుకోకూడదో నేర్పించే కోర్సు. పెద్ద పని. ఓనరు అందరికీ మిఠాయి తెప్పించాడు. అందులో ఆడపిల్లల ఫిర్యాదులు వినే కమిటీ ఎట్లా ఉండాలి అన్నది ఒక పాఠం. మా మేడ మీద అట్లాంటిదేదీ లేదని ఎవరికీ తట్టలేదు. కోర్సు మంచిగా, గౌరవంగా రావాలని క్వాలిటీ సారు మా కుర్చీల మధ్య తిరుగుతూ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. తాళాలు మోగుతూనే ఉన్నాయి.

అందులో ఒక తెరకు 'అనుచిత ప్రవర్తన' అని శీర్షిక. దానికి ఆకారం కావాలి. అక్క ఎప్పుడూ లేనంత సేపు తీసుకుంది. గొణుక్కోలేదు, ఎవరి జాకెట్టు గురించీ వ్యాఖ్యానించలేదు. అయ్యాక ఫైలు నాకు పంపి, "చూసి పెట్టు" అని మంచినీళ్ళకు లేచిపోయింది.

తెరిచాను. కుర్చీలో ఒక అమ్మాయి. వెనక ఒక మగమనిషి. నియమాల ప్రకారం ముక్కు లేదు, రంగు బూడిద. కుర్చీ వీపు మీద ఎడమ చెయ్యి, బయటికి పొడుచుకొచ్చిన మోచెయ్యి, ముందుకు చాచిన మెడ, ఒక కాలి మీద వేసిన బరువు. నడుం దగ్గర చిన్న బుడిపె, తాళాల గుత్తి. నా వీపు మీద మళ్ళీ చీమలు పాకాయి. కాసేపటికి పాకడం మానేశాయి. ఎందుకంటే మొట్టమొదటిసారి నేను దాన్ని వెనక నుంచి చూస్తున్నాను.

శనివారం రివ్యూలో అందరం కూర్చున్నాం. గోడ మీద ప్రొజెక్టర్ వెలుగు. ఒక్కొక్క తెర చూసి క్వాలిటీ సారు మార్పులు చెబుతున్నాడు, ఓనరు తల ఊపుతున్నాడు. ఆ తెర వచ్చింది. సారు గొంతు సవరించుకున్నాడు.

"ఇది మార్చాలి."

"ఏం మార్చల్ల సార్?" అక్క అడిగింది.

"ఇది మరీ మనిషి మాదిరి ఉంది."

"మనిషి బొమ్మే గద సార్."

"ఎవరో ఒక ప్రత్యేకమైన మనిషి మాదిరి ఉందంటున్నాను."

"ఎవురి మాదిరి సార్?"

ఫ్యాను తిరుగుతోంది. అప్పుడు మా ఓనరు కళ్ళద్దాలు పెట్టుకుని, ముందుకు వంగి, గోడను కాసేపు చూశాడు. పెళ్ళి ఆల్బంలో చుట్టాన్ని గుర్తుపట్టినంత సంతోషంగా అన్నాడు, "ఏమప్పా, ఇది అచ్చం నీ మాదిరే ఉండాదే. సూడు, బీగాల గుత్తి కూడా ఉండాది."

ఎవరూ నవ్వలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మా సారు భుజాలు తడుముకోలేదు, నడుం తడుముకున్నాడు. తాళాలు చిన్నగా మోగాయి. ఓనరు నవ్వు ముఖంతోనే మా వైపు తిరిగాడు. తర్వాత కుర్చీల వైపు చూశాడు, కుర్చీలకు వేలాడుతున్న బ్యాగుల వైపు చూశాడు. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. ఆ రోజు మిగతా తెరలు చూడలేదు. కింద బస్తాలు వచ్చాయని దిగిపోయాడు. ఏ బస్తాలూ రాలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. పని పోవాలంటే సారుకు బొమ్మ ఆమోదించక తప్పదు, తనలాగా కనపడకూడదంటే మార్పించకా తప్పదు. మార్చాలంటే మార్పులు రాసివ్వాలి. మొదట, నడుం దగ్గర బుడిపె తీసెయ్యమని రాశాడు. అక్క తీసేసింది. సోమవారం సారు తాళాలు లేకుండా వచ్చాడు. రెండో వెర్షన్ చూసి, ఇంకా సరిగ్గా లేదన్నాడు.

"ఏం సరిగ్గా లేదు సార్?"

"చెయ్యి. చెయ్యి కుర్చీ మీద వద్దు."

"యాడ పెట్టల్ల?"

ఆయన కాస్త ఆలోచించి, "జేబులో" అన్నాడు. బొమ్మ చెయ్యి జేబులోకి పోయింది. ఆ మర్నాటి నుంచి ఆయన చెయ్యి కూడా. కానీ అక్కకు ఊహించి చేయడం రాదని చెప్పాను కదా. జేబులో చెయ్యి పెట్టుకున్న మనిషి భుజం ఎట్లా ఉంటుందో తెలియాలంటే ఆమె చూడాలి. ఆయన్నే చూసింది. మూడో వెర్షన్ ఇంకా ఎక్కువ ఆయనలాగే వచ్చింది. మెడ వెనక్కి తీయమన్నాడు. తను కూడా తీశాడు, పాపం, నిటారుగా నడవడం మొదలుపెట్టాడు. కుర్చీకి మనిషికి మధ్య దూరం పెంచమన్నాడు. పెంచింది. ఆయనా పెంచుకున్నాడు. బొమ్మ మారాక మనిషి మారుతున్నాడో, మనిషి మారాక బొమ్మ మారుతోందో చెప్పడం కష్టమయింది. రైల్లో అక్క ఉగ్గాని తింటూ, "క్లయింటు చెప్తాండాడు, మనం చేస్తాండాం" అనేది.

చివరికి బొమ్మలో మగమనిషి కుర్చీకి గజం దూరాన, చేతులు వెనక కట్టుకుని, బడిలో ప్రార్థనకు నిలబడ్డట్టు నిలబడ్డాడు. సారు కూడా మా కుర్చీలకు గజం దూరాన చేతులు వెనక కట్టుకుని నిలబడి తప్పులు చెప్పేవాడు. బ్యాగులు ఒక్కొక్కటే కుర్చీల మీద నుంచి దిగి బల్లల కిందికి పోయాయి. ఆ వెర్షన్ బెంగుళూరుకు పంపితే మేడమ్ నుంచి మెయిల్ వచ్చింది: 'ఇతను ఏ తప్పూ చెయ్యడం లేదు. పొరపాటున వేరే తెరలో పెట్టినట్టున్నారు.' నిజమే. అందుకని ఆ బొమ్మను 'సరైన ప్రవర్తన' అన్న తెరకు మార్చాం. 'అనుచిత ప్రవర్తన' దగ్గర ఖాళీ మిగిలింది. అక్కడ ఒక ఎర్ర త్రికోణం పెట్టారు. త్రికోణానికి ముక్కు లేదు, భుజం లేదు, ఎవరూ నొచ్చుకోలేదు.

సారు ఊరుకోలేదు. తనను అవమానించిందని, అక్కను తీసెయ్యమని ఓనరుతో అన్నాడు. ఓనరు, ఆ ముక్క కాగితం మీద రాసివ్వమన్నాడు. సారు కూర్చుని రాశాడు, చింపాడు, మళ్ళీ రాశాడు. ఎట్లా రాసినా, ఆడపిల్లల మీద పడే ఆ మనిషి బొమ్మ నాలాగే ఉంది అని రాయాల్సి వస్తోంది. ఆ ఫిర్యాదు ఏనాటికీ పూర్తి కాలేదు.

కానీ ఉద్యోగం తీయడానికి ఫిర్యాదే అక్కర్లేదు. కొన్నాళ్ళకు బెంగుళూరు నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. కావలసింది నాలుగు మాటల్లో రాస్తే అదే బొమ్మ వేసిస్తుంది. నిచ్చెనెక్కుతున్న కూలీ అని రాస్తే, మోకాలు రెండుచోట్ల వంగిన కూలీ వచ్చాడు. క్వాలిటీ సారు చూసి బాగుందన్నాడు. ఇక ఆకారాలు కోసే మనిషి అవసరం లేదని తేల్చారు. ఓనరు ఆ మాట చెప్పడానికి ఆమెను కిందికి, మండీలోకి పిలిచాడు. ముఖం చూడలేక, ఒక బుట్ట నిండా చింతపండు ఇచ్చాడు.

ఆమె బుట్టలో చెయ్యి పెట్టి చూసి, "గింజ తీసిందేనా సార్?" అని అడిగింది.

ఆ సాయంత్రం రైల్లో ఆమె ఎవరి వీపూ చూడలేదు. బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిలమత్తూరు నుంచి బెంగుళూరుకు పనికి పోయే వాళ్ళ గురించి ఎవరో మాట్లాడుతుంటే విన్నట్టు తల ఊపింది గానీ వినలేదు.

"బాధగా ఉందా అక్కా?"

"నాకేం, కుట్టుమిషనుండాది. షేపులన్నీ ఆడనే ఉండిపాయ గదా." బుట్ట సర్దుకుని, "మా ఆయప్ప కూడా ఆడనే ఉండాడు," అంది. నవ్వొచ్చింది ఇద్దరికీ. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నవ్వినందుకేనని అనుకున్నాను, అప్పట్లో.

పెనుకొండ వచ్చింది. నేను దిగబోతుంటే చెయ్యి పట్టుకుంది. "ఆ సారు మళ్ళా దగ్గరికొస్తే డబ్బా అంచు పెట్టుకుంటా కూర్చోవద్దు పాపా. నోరు పెట్టు."

వచ్చాడు. ఆమె ఉద్యోగం పోయిన కొన్ని వారాలకు ముందు తాళాలు తిరిగొచ్చాయి. తర్వాత మెడ ముందుకొచ్చింది. తర్వాత జేబులోంచి చెయ్యి బయటికొచ్చింది. పోయిన దారినే, వరస తప్పకుండా వెనక్కి వచ్చాడు. ఒకరోజు మధ్యాహ్నం నా కుర్చీ వెనక చెయ్యి పడింది. మౌసు మీదికి రెండో చెయ్యి వస్తోంది. గది మొత్తానికీ వినపడేట్టు అన్నాను.

"సార్, మీరు మళ్ళీ ఒకటో వెర్షన్‌కు వచ్చేశారు."

కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. వెనక వరసలో ఒకమ్మాయికి నవ్వు ఆగలేదు. తర్వాత ఇంకొకరికి, తర్వాత అందరికీ, మగపిల్లలతో సహా. చెయ్యి తీసేశాడు. ఓనరు తన గదిలోంచి బయటికొచ్చి నిలబడ్డాడు. ఈసారి కింద బస్తాలు వచ్చాయనలేదు.

"ఏమప్పా, నీ టేబులు కింద మండీలో వేయిస్తా. ఆడ కూర్చొని పని చేస్కో. మెయిల్లో రాయి ఏమన్నా ఉంటే."

ఆ విధంగా మా నాణ్యత చింతపండు బస్తాల మధ్యకు చేరింది. కానీ ఇట్లాంటి కథల్లో న్యాయం ఎక్కువసేపు కూర్చోదు. రెండు నెలలు తిరక్కుండానే బెంగుళూరు కంపెనీ ఆయన్ను పిలిపించుకుని ట్రైనింగ్ హెడ్‌ను చేసింది. 'పని చేసే చోట గౌరవం' కోర్సు విజయవంతంగా చేయించినందుకు. మేడ మీద కేకు కోశారు. నేను తినకుండా బయటికొచ్చి ధర్మవరానికి ఫోన్ చేశాను. కుట్టుమిషను చప్పుడు మధ్య అక్క అంతా విన్నది. పీడ వదిలిందిలే అక్కా అన్నాను.

"మనకొదిలె. ఆడ కుర్చీల్లేవా పాపా?" అంది.

ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. నా దగ్గర అన్ని వెర్షన్లూ ఉన్నాయి, తెరల మీద సర్దింది నేనే కదా. మర్నాడు ఒకటో వెర్షన్‌ను బెంగుళూరు మేడమ్‌కు పంపాను. 'గౌరవం కోర్సులో ఎర్ర త్రికోణానికి బదులు ఈ ఆకారం వాడుకోవచ్చేమో చూడండి. ఎవరినీ ఉద్దేశించింది కాదు' అని రాశాను. నియమాల పట్టిక పట్టుకుని వస్తుందని అనుకున్నాను. భుజం గురించి కొత్త నియమం రాస్తుందనీ అనుకున్నాను. చాలా రోజులు జవాబే రాలేదు. వచ్చిన రోజు నేను దాన్ని రెండుసార్లు చదివి, ధర్మవరానికి ఫోన్ చేసి చదివి వినిపించాను.

'ఒకటో వెర్షన్ ఆమోదించాం. ఏ మార్పులూ అవసరం లేదు. ఈ నెల నుంచి మా ఫ్లోర్‌లో అందరికీ, కొత్తగా చేరిన హెడ్‌లతో సహా, ఈ కోర్సు తప్పనిసరి.'

అవతల మిషను ఆగింది.

"మార్పులేం అడగల్యా?"

"లేదక్కా."

"ఆయమ్మేనా రాసిండేది? గొడుగుకు వంకలు పెట్టిన ఆయమ్మ?"

"ఆమే."

"మోచెయ్యి ఇంకొంచెం బయటికి లాగల్లనుకుంటి ఆ పొద్దు," అంది. "సరే, ఉండనీ. పెట్టేయ్ పాపా, కొలతలకు ఎవురో వచ్చినారు."

కానీ ఫోన్ పెట్టలేదు. కొలతలు చెప్పే గొంతూ వినపడలేదు, మిషను కూడా చాలాసేపు కదల్లేదు.